తిరగని డిస్కు

ల్యాప్‌టాప్ నెమ్మదించింది అనగానే ప్రాసెసర్‌కు వయసైపోయిందని అనుకుంటారు చాలామంది. సిలికాన్‌కు ముసలితనం అలా రాదు. ఏడేళ్ల కిందట సెకనుకు 250 కోట్ల టిక్కులు కొట్టిన ప్రాసెసర్ ఇవాళా దాదాపు అన్నే కొడుతుంది. ఫ్యాన్ దారిలో దుమ్ము పేరుకుని లోపల వేడెక్కితే కాస్త వేగం తగ్గించుకుంటుంది, అంతే. మరి బటన్ నొక్కాక విండోస్ పూర్తిగా లేవడానికి ఆఫీసు ప్యాంట్రీ దాకా వెళ్లి టీ తెచ్చుకునేంత సేపు ఎందుకు పడుతోంది? ఆ సేపట్లో ఎక్కువ భాగం ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని ఎదురుచూస్తూ ఉంటుంది.

దేని కోసమో లెక్క కట్టి చూద్దాం. ల్యాప్‌టాప్‌లలో వాడిన హార్డ్ డిస్కులు ఎక్కువగా నిమిషానికి 5,400 చుట్లు తిరిగేవి. సెకనుకు 90 చుట్లు, అంటే చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన డేటా ఉన్న చోటు తిరిగి తిరిగి దాన్ని చదివే హెడ్ కిందికి రావడానికి సగటున అరచుట్టు ఆగాలి. అది అయిదున్నర మిల్లీసెకన్లు. అంతకంటే ముందు ఆ హెడ్‌ను మోసే చేయి సరైన ట్రాక్ మీదికి జరగాలి, దానికి ఇంకో పన్నెండు. కలిపితే పదిహేడున్నర. మనిషికి అది రెప్పపాటు కూడా కాదు. పైన చెప్పిన ప్రాసెసర్‌కు మాత్రం ఆ వ్యవధిలో నాలుగు కోట్లకు పైగా టిక్కులు గడిచిపోతాయి. నాలుగు కిలోబైట్ల ముక్క ఒకటి అడిగి, నాలుగు కోట్ల టిక్కులు కాచుకుని కూర్చోవాలన్న మాట.

కంప్యూటర్ లేచేటప్పుడు కావలసింది ఒక ముక్క కాదు. డ్రైవర్లు, ఫాంట్లు, సెట్టింగులు, రకరకాల ప్రోగ్రాములు, వాటి తాలూకు వేల చిన్న ముక్కలు డిస్కు నిండా చెదిరి ఉంటాయి. అలాంటివి పదివేలు చదవాలనుకోండి. సెకనుకు 57 చొప్పున దాదాపు మూడు నిమిషాలు. విండోస్ మరీ అంత అమాయకురాలు కాదు, రాబోయే అవసరాలను ఊహించి కొన్నింటిని ముందే వరసగా తెచ్చి పెట్టుకుంటుంది. కానీ అదే సమయానికి యాంటీవైరస్ లేస్తుంది, అప్‌డేట్ లేస్తుంది, ఆఫీసు చాట్ లేస్తుంది, క్లౌడ్‌లో ఫైళ్లు సరిపోల్చే ప్రోగ్రాము లేస్తుంది. అన్నీ ఒకే చేతిని తలా ఒక వైపు లాగుతాయి. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే సీపీయూ పన్నెండు శాతం దగ్గర నిద్రపోతుంటుంది, డిస్కు మాత్రం 100 శాతం అని ఎర్రగా మెరుస్తుంటుంది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో ఓ పదేళ్ల కింద పనిచేసిన వాళ్లకు ఆ తెర కంఠతా వచ్చు.

తిరిగే డిస్కు బదులు మెమరీ చిప్పులతో పనిచేసే ఎస్‌ఎస్‌డీ ఇలాంటి చిన్న ముక్కను మిల్లీసెకనులో పదో వంతులో తెచ్చిస్తుంది. పదివేల ముక్కలకు ఒక్క సెకను. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసే ‘సెకనుకు 550 మెగాబైట్లు’ అన్న అంకె ముఖ్యం కాదు. ఒకదాని వెనక ఒకటి వరసగా చదివే పనిలో పాత హార్డ్ డిస్కు కూడా సెకనుకు వంద మెగాబైట్ల దాకా ఇస్తుంది, అక్కడ తేడా అయిదారు రెట్లే. చెల్లాచెదురుగా ఉన్నవాటిని ఏరుకొచ్చే పనిలో తేడా వందకు పైగా రెట్లు, మంచి డ్రైవ్ అయితే వేల రెట్లు కూడా. మన ప్రాణం తీసేది ఆ రెండో పనే.

నిజానికి ఈ జాప్యం పుట్టుకతో వచ్చింది. ఐబీఎం 1956లో రామాక్ అనే యంత్రంతో మొదటి హార్డ్ డిస్కును బయటికి తెచ్చింది. ఇరవై నాలుగు అంగుళాల డిస్కులు యాభై, బరువు దాదాపు ఒక టన్ను, పట్టేది 50 లక్షల అక్షరాలు. ఒక అక్షరాన్ని వెతికి తేవడానికి సగటున 600 మిల్లీసెకన్లు పట్టేది. అక్కడినుంచి అరవై ఏళ్లలో హార్డ్ డిస్కు సామర్థ్యం లక్షల రెట్లు పెరిగింది. వెతికే సమయం మాత్రం 600 నుంచి పదిహేడుకు దిగింది, ముప్పై అయిదు రెట్లు కూడా మెరుగుపడలేదు. బరువున్న వస్తువును కదిలించి, ఆపి, కుదురుగా నిలబెట్టడానికి పట్టే కాలాన్ని ఏ ఇంజనీరూ మాయం చేయలేడు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి ప్రాసెసర్లు రామాక్ కాలం వాటిని ఎన్నో రెట్లు దాటేశాయి. ఆ భవనంలోకి వచ్చిన ప్రతి కంప్యూటర్‌లోనూ తిరిగే డిస్కు, జరిగే చేయి మాత్రం అలాగే ఉన్నాయి.

తిరగని డిస్కుకు మూలమైన ఆలోచన జపాన్‌లో తోషిబా కంపెనీలో పుట్టింది. ఫుజియో మసువోకా అనే ఇంజనీరు కరెంటు పోయినా మరిచిపోని, చాలా చౌకగా చేయగల మెమరీ కోసం ఆలోచించాడు. ఫ్లాష్ మెమరీ గురించి 1984లో ప్రపంచానికి చెప్పాడు. ఇవాళ ఎస్‌ఎస్‌డీలన్నిటిలో ఉండే నాండ్ రకాన్ని 1987లో ప్రకటించాడు. కంపెనీ ఆయన్ని నెత్తిన పెట్టుకుందేమీ లేదు. తన ఆవిష్కరణకు తగిన ప్రతిఫలం ఇవ్వలేదని ఆయన 2004లో తోషిబా మీద కోర్టుకెక్కాడు, రెండేళ్లకు 8 కోట్ల 70 లక్షల యెన్‌లకు రాజీ కుదిరింది. ఫ్లాష్ వ్యాపారం ఎంతకు పెరిగిందో చూస్తే అది చిల్లర కిందే లెక్క.

ఆయన వాడుకున్న భౌతికశాస్త్రం మాత్రం అంతకు ముందే ఉంది. 1967లో బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్, సైమన్ జీ అనే ఇద్దరు ట్రాన్సిస్టర్ మధ్యలో, చుట్టూ విద్యుద్బంధకం ఉన్న ఒక చిన్న వాహక పొరను ఇరికించారు. దానికి ఏ తీగా తగలదు. అందులోకి ఎలక్ట్రాన్లను పంపగలిగితే అవి బయటికి పోయే దారి లేక ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి. దారి లేని చోటికి అసలు పంపడం ఎలా? ఆ బంధకపు పొర మందం పది నానోమీటర్ల లోపే. మన వెంట్రుక మందంలో పదివేలో వంతుకు అటూ ఇటూ. దాని మీద ఇరవై వోల్టుల దాకా ఒత్తిడి పెడితే క్వాంటమ్ సిద్ధాంతం ఒప్పుకునే ఒక వింత జరుగుతుంది: ఎలక్ట్రాన్ గోడ ఎక్కదు, గోడకు కన్నం పడదు, అయినా గోడకు అవతల తేలుతుంది. దీన్నే టన్నెలింగ్ అంటారు. నేల విడిచి సాము చేసే సిద్ధాంతమని విద్యార్థులు విసుక్కునే క్వాంటమ్ మెకానిక్స్ మన ఒళ్లోని ల్యాప్‌టాప్‌లో ప్రతి ఫైలు సేవ్ చేసినప్పుడూ పనిచేస్తోంది.

లోపల ఎలక్ట్రాన్లు ఉంటే ఆ ట్రాన్సిస్టర్ తెరుచుకోవడానికి ఎక్కువ వోల్టేజి కావాలి, లేకపోతే తక్కువ చాలు. చదవడమంటే ఆ వోల్టేజిని కొలవడమే. మొదట్లో ఉందా లేదా అని రెండే స్థాయిలు చూసేవారు. తర్వాత అదే గదిలో కొంచెం, ఇంకొంచెం అని కొలతలు పెట్టారు. ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా దొరికే టీఎల్‌సీ రకంలో ఎనిమిది స్థాయిలు, గదికి మూడు బిట్లు. క్యూఎల్‌సీలో పదహారు స్థాయిలు, నాలుగు బిట్లు. స్థాయిల మధ్య ఎడం తగ్గేకొద్దీ చదవడంలో తప్పులు పెరుగుతాయి, రాయడం నెమ్మదిస్తుంది, బంధకపు పొర త్వరగా అలసిపోతుంది. తొలినాటి రకం ఒక్కో గది లక్షసార్లు రాసి చెరిపినా తట్టుకునేది. టీఎల్‌సీ కొన్ని వేల సార్లకు, క్యూఎల్‌సీ వెయ్యికి అటూ ఇటూ వచ్చేసరికి చేతులెత్తేస్తాయి. ధర తగ్గడం వెనక రహస్యంలో సగం ఇదే. మిగతా సగం, గదులను మేడ మీద మేడగా పేర్చడం. 2022లో మైక్రాన్ కంపెనీ 232 అంతస్తుల నాండ్ చిప్పును మార్కెట్‌కు పంపింది.

ఇక అసలు చిక్కు చెరపడంలో ఉంది. ఈ మెమరీలో రాయడం పేజీల చొప్పున, చెరపడం బ్లాకుల చొప్పున జరుగుతుంది. పేజీ కొన్ని కిలోబైట్లు, బ్లాకులో అలాంటివి వందలు, వేలు. రాసిన పేజీ మీద మళ్లీ రాయడం కుదరదు. ముందు చెరపాలి, చెరిపితే బ్లాకంతా చెరపాలి. పాత అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తు ఫ్లాటు ఒక్కదాన్ని కూల్చి కొత్తగా కట్టడం ఎవరి తరమూ కాదు, అందరినీ ఖాళీ చేయించి వేరేచోట పెట్టి మొత్తం నేలమట్టం చేయాలి. ఎస్‌ఎస్‌డీ రోజంతా చేసే పని అదే. మీరు ఒక ఎక్సెల్ షీటులో ఒక అంకె మార్చి సేవ్ చేస్తే అది పాత పేజీని ముట్టుకోదు. మార్చిన పేజీని ఇంకెక్కడో ఖాళీ చోట రాసి, పాతదాన్ని చెల్లదని గుర్తు పెట్టుకుంటుంది. చెల్లని పేజీలు పేరుకున్నాక ఆ బ్లాకులో ఇంకా బతికున్న వాటిని వేరేచోటికి తరలించి, ఖాళీ అయినదాన్ని చెరుపుతుంది.

విండోస్‌కు ఈ భాగోతమేమీ తెలియదు. అది ఇప్పటికీ ‘ఫలానా నంబరు చోట ఉన్నది ఇవ్వు’ అని తిరిగే డిస్కును అడిగినట్టే అడుగుతుంది. ఎస్‌ఎస్‌డీలో ఉండే కంట్రోలర్, అంటే డ్రైవ్ లోపలి బుల్లి కంప్యూటర్, ఆ నంబరుకు అసలు చిరునామా ఏదో తన పట్టికలో చూసి తెచ్చిస్తుంది. ఒక టెరాబైటు డ్రైవ్‌లో నాలుగు కిలోబైట్ల ముక్కలు సుమారు 24 కోట్లు. అంటే పట్టికలో 24 కోట్ల వరసలు, వరసకు నాలుగు బైట్లన్నా పట్టిక ఒక్కటే దాదాపు ఒక గిగాబైటు. మీ ఫైలు డి డ్రైవ్‌లో ఫలానా చోట ఉందనే మాటను కంట్రోలర్ మర్యాద కోసం నిలబెడుతుంది, అంతే. అది నిన్న ఒక చోట, ఇవాళ ఇంకోచోట ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ వేగమూ, దాని ఆయుష్షూ, దాని మోసాలూ, డేటా పోతే మళ్లీ దొరక్కపోవడమూ, పారేద్దామంటే పోకపోవడమూ అన్నీ ఈ పట్టిక చుట్టూనే తిరుగుతాయి. ఎస్‌ఎస్‌డీ కొనేవాళ్లు మెమరీ చిప్పు గురించి ఆరా తీస్తారు గానీ, కొంటున్నది సగానికి సగం ఆ పట్టికను నడిపే సాఫ్ట్‌వేర్‌ని.

ఈ కథకు మన ఊళ్లో ఒక కొస ఉంది. మైక్రాన్ 2019 అక్టోబరులో హైదరాబాద్‌లో ఒక పెద్ద డెవలప్‌మెంట్ సెంటర్ తెరిచింది, మెమరీ, స్టోరేజి పరికరాల డిజైన్, వాటి సాఫ్ట్‌వేర్ పనుల కోసం. ఆ కంపెనీకి 2017 నుంచి సారథి సంజయ్ మెహ్రోత్రా. కాన్పూర్‌లో పుట్టిన ఆయన 1988లో ఎలీ హరారీ, జాక్ యువాన్‌లతో కలిసి సన్‌డిస్క్‌ను స్థాపించినవాళ్లలో ఒకరు. ఆ సన్‌డిస్కే 1991లో ఐబీఎం కోసం 20 మెగాబైట్ల ఎస్‌ఎస్‌డీ చేసింది. ధర దాదాపు వెయ్యి డాలర్లు. ఇప్పటి ఫోను కెమెరాతో తీసిన ఫొటోలు అందులో నాలుగైదు పట్టేవేమో.

ఎస్‌ఎస్‌డీ వేయించుకోవాలంటే ఇక్కడి ఐటీ కారిడార్ జనానికి తెలిసిన పాత దారి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. సీటీసీ అంటేనే ఎవరైనా చూపిస్తారు. రాయదుర్గంలోనో హైటెక్ సిటీలోనో బ్లూ లైన్ మెట్రో ఎక్కితే మారే పని లేకుండా ప్యారడైజ్‌లో దిగొచ్చు. కౌంటర్ దగ్గర ‘అన్నా, ఎస్‌ఎస్‌డీ వేయాలె’ అనగానే ఎదురొచ్చే మొదటి ప్రశ్న, ‘సాటా నా, ఎన్‌వీఎంఈ నా?’ జవాబు తెలియకపోతే సిగ్గుపడాల్సిన పని లేదు, ఆ రెండింటి మధ్య గందరగోళం తయారీదారులు తెచ్చిపెట్టిందే.

2.5 అంగుళాల డబ్బా ఆకారంలో ఉండేది సాటా. పాత హార్డ్ డిస్కు తీసేసి అదే గూట్లో, అవే స్క్రూలతో బిగించొచ్చు. సాటా దారి సెకనుకు 600 మెగాబైట్లకు మించి మోయలేదు. తిరిగే డిస్కుల కాలంలో వేసిన దారి అది, అప్పటికి చాలా వెడల్పే. ఫ్లాష్ వచ్చాక ఇరుకైంది. అందుకే 2011లో ఎన్‌వీఎంఈ అనే కొత్త పద్ధతి రాసుకుని, గ్రాఫిక్స్ కార్డుల కోసం ఉన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలోకి ఎస్‌ఎస్‌డీని మళ్లించారు. అక్కడ సెకనుకు 3,500 మెగాబైట్లు, కొత్త తరంలో 7,000 కూడా మామూలే. ఇక ఎం.2 అనేది ఆకారం మాత్రమే. చూయింగ్ గమ్ పట్టీ అంత బోర్డు, 2280 అని రాసి ఉంటే వెడల్పు 22, పొడవు 80 మిల్లీమీటర్లు. తంటా ఏమిటంటే ఆ ఆకారంలో సాటా డ్రైవ్‌లూ ఉన్నాయి, ఎన్‌వీఎంఈవీ ఉన్నాయి. 2015 నుంచి మూడు నాలుగేళ్ల పాటు వచ్చిన కొన్ని ల్యాప్‌టాప్‌ల స్లాటులో ఒకటి పెడితే రెండోది పలకదు. చక్కగా కూర్చుంటుంది, స్క్రూ పడుతుంది, బయోస్‌లో మాత్రం కనిపించదు. కొనేముందు మోడల్ నంబరు పట్టుకుని ఆ స్లాటు ఏ రకమో చూసుకోవడం ఒక్కటే మందు. మ్యాక్‌బుక్ వాళ్లు ఈ పేరా వదిలేయొచ్చు, కొన్నేళ్లుగా వాటిలో ఫ్లాష్ చిప్పులు బోర్డుకే అతికి వస్తున్నాయి.

రెంటిలో ఏది మేలంటే, హార్డ్ డిస్కు నుంచి వచ్చేవాళ్లకు సాటా చాలు. పదిహేడు మిల్లీసెకన్లు పదో వంతు మిల్లీసెకనుకు దిగడమే మీ జీవితాన్ని మార్చేది. అక్కడినుంచి ఎన్‌వీఎంఈకి వెళ్తే వచ్చే మెరుగుదల పెద్ద వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు తెలుస్తుంది గానీ మెయిళ్లు, బ్రౌజరు, కోడ్ రాసుకునేవాళ్లకు పెద్దగా తెలియదు. స్లాటు ఉంటే, ధర ఒకటే అయితే ఎన్‌వీఎంఈ తీసుకోండి. అంతకు మించి ఆలోచించడం దండగ. ఎక్కువ ఆలోచించాల్సింది మరీ చౌకగా వచ్చేవాటి గురించి. పట్టిక పెట్టుకోవడానికి సొంత ర్యామ్ లేని సాటా డ్రైవ్‌లు నిండేకొద్దీ మొరాయించొచ్చు. కొన్ని క్యూఎల్‌సీ డ్రైవ్‌లు మొదట రాసిన భాగాన్ని గదికి ఒకే బిట్ చొప్పున గబగబా రాసుకుని, ఆ చోటు నిండగానే హార్డ్ డిస్కు కంటే కిందికి పడిపోతాయి. ఇంకా కింది మెట్టులో పచ్చి నకిలీలు: ఆన్‌లైన్‌లో నమ్మలేని ధరకు దొరికే రెండు టెరాబైట్ల పోర్టబుల్ డ్రైవ్. లోపల ఉండేది ఓ చిన్న మెమరీ కార్డు, పైన అబద్ధం చెప్పడం నేర్పిన కంట్రోలర్. పట్టిక చెప్పిందే విండోస్‌కు వేదం కాబట్టి రెండు టెరాబైట్లనే చూపిస్తుంది. చివరిదాకా నింపి, తిరిగి చదివి సరిచూస్తే తప్ప గుట్టు బయటపడదు. ఆ పని చేయడానికి ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి.

పాత డిస్కులో ఉన్నదంతా కొత్తదానిలోకి తేవడానికి క్లోనింగ్ ఒక దారి, విండోస్ మళ్లీ వేసుకోవడం ఇంకోటి. క్లోనింగ్ సుఖం, వాల్‌పేపర్ కూడా మారదు. అయితే ఏడేళ్ల చెత్త కూడా అలాగే వస్తుంది. ఏ దారి పట్టినా ముందు బిట్‌లాకర్ సంగతి చూసుకోవాలి. డిస్కును తాళం వేసి ఉంచే ఈ ఎన్‌క్రిప్షన్ ఇప్పటి విండోస్‌లో చాలా చోట్ల మనల్ని అడక్కుండానే ఆన్ అయి ఉంటుంది. దాని తాళంచెవి మదర్‌బోర్డులోని టీపీఎం చిప్పు దగ్గర ఉంటుంది. లోపల ఏదో మారిందని దానికి అనుమానం వస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మైక్రోసాఫ్ట్ అకౌంటులో దాగి ఉంటుంది, లేదా ఆఫీసు ఐటీ వాళ్ల దగ్గర. ముందే తీసి కాగితం మీద రాసిపెట్టుకున్నవాళ్లు అరగంటలో పని ముగించుకుంటారు.

ఆఫీసు ఐటీ అన్నాం కదా, కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ మూత మాత్రం సొంతంగా విప్పకండి. ఎంత నెమ్మదిగా ఉన్నా సరే. దాని డిస్కు మీది కాదు, అందులోని క్లయింటు డేటా అంతకన్నా కాదు. టికెట్ రేజ్ చేసి కాచుకోవడమే. సొంత ల్యాప్‌టాప్‌లూ, అమీర్‌పేటలో కోర్సులు చేసే కుర్రాళ్లు సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కునే పాత థింక్‌ప్యాడ్‌లూ, లాటిట్యూడ్‌లూ ఈ వైద్యానికి తగిన రోగులు. లీజు తీరిన ఆఫీసు మెషీన్లు ఇలా మార్కెట్లోకి వస్తూనే ఉంటాయి, గట్టి శరీరం, మంచి కీబోర్డు, వెనక నాలుగు స్క్రూలు తీస్తే అన్నీ చేతికందుతాయి.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0తో పాటు ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం, అంటే 2017 రెండో సగంలో వచ్చినవీ ఆ తర్వాతివీ అయిన ప్రాసెసర్లు ఉండాలి. ఎస్‌ఎస్‌డీ వేస్తే పరుగెత్తగల ఆరో తరం ల్యాప్‌టాప్ ఈ గడప దగ్గర ఆగిపోతుంది. వేగం లేక కాదు, జాబితాలో పేరు లేక. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. అలాంటి మెషీన్లను లినక్స్ ఆదుకుంటుంది. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు ఏళ్లుగా తెలుగులో చేస్తున్న పని ఆ బాటలోదే.

పట్టిక కథకు మళ్లీ వద్దాం. ఫైలు డిలీట్ చేసినా హార్డ్ డిస్కులో అది చాలాకాలం అక్కడే పడి ఉండేది. డేటా రికవరీ దుకాణాలు బతికింది దాని మీదే. ఎస్‌ఎస్‌డీ విషయం వేరు. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచి ఫైలు తీసేయగానే ‘ఈ నంబర్లతో ఇక నాకు పని లేదు’ అని డ్రైవ్‌కు ఒక కబురు వెళ్తుంది, దాని పేరు ట్రిమ్. కబురు అందగానే కంట్రోలర్ పట్టికలోంచి ఆ వరసలు కొట్టేసి, వీలు చూసుకుని బ్లాకులు చెరిపేస్తుంది. పొరపాటున పెళ్లి ఫొటోల ఫోల్డరు తీసేసి, మర్నాడు దుకాణానికి పరుగెత్తితే వాళ్లు చేయగలిగింది సాధారణంగా ఏమీ ఉండదు.

అమ్మేటప్పుడు ఇది తిరగబడుతుంది. పాత పద్ధతిలో ఫైలు మీద పదేపదే సున్నాలు రాసి తుడిచేశాం అనుకుంటాం. మనం రాసిన సున్నాలు కొత్త పేజీల్లోకి వెళ్తాయి, అసలు రాత పాత పేజీలో చెల్లని ముద్రతో ఇంకొంతకాలం బతికే ఉండొచ్చు. శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో చిప్పులు ఊడదీసి చదివి ఈ సంగతి రుజువు చేశారు. కొన్ని డ్రైవ్‌లలో తయారీదారు ఇచ్చిన చెరిపే ఆదేశం కూడా సరిగా పనిచేయలేదని వాళ్లు కనిపెట్టారు. మొదటి రోజునుంచే ఎన్‌క్రిప్షన్ పెట్టుకుని, అమ్మే రోజున కీని నాశనం చేయడం నిబ్బరమైన పద్ధతి. ఎలక్ట్రాన్లు ఎక్కడున్నా అప్పుడవి అర్థం లేని గీతలే.

అరిగిపోతుందనే భయం మాత్రం అవసరానికి మించి ఉంది. 500 గిగాబైట్ల మామూలు డ్రైవ్‌కు తయారీదారులు 180 నుంచి 300 టెరాబైట్ల రాతలకు హామీ ఇస్తారు. రోజుకు 20 గిగాబైట్లు రాసినా, 180 టెరాబైట్లు అయిపోవడానికి ఇరవై నాలుగేళ్లు కావాలి. ఎస్‌ఎస్‌డీలు ఎక్కువగా చచ్చేది గదులు అరిగి కాదు, కంట్రోలర్ పాడై, పట్టిక చెడి. హార్డ్ డిస్కు పోయేముందు టక్ టక్‌మని కొట్టుకుంటుంది, ఫైళ్లు ఆలస్యమవుతాయి, నాలుగు రోజుల గడువిస్తుంది. ఎస్‌ఎస్‌డీ రాత్రి బాగుంటుంది, పొద్దున బయోస్‌లో కనపడదు. అలాగని అలమారాలో దాచిపెట్టడానికీ ఇది పనికిరాదు. బంధించిన ఎలక్ట్రాన్లు మెల్లగా జారిపోతుంటాయి, వేడికి ఇంకా త్వరగా. హామీ ఇచ్చిన రాతలన్నీ అయిపోయిన డ్రైవ్ కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు డేటా నిలపాలని జెడెక్ అనే ప్రమాణాల సంస్థ నియమం. కొత్త డ్రైవ్ అంతకంటే చాలా ఎక్కువ నిలుపుతుంది. మే నెలలో మన గదుల వేడి 30 దగ్గర ఆగదన్నది గుర్తుంచుకుంటే చాలు.

ధరల మాట చెప్పకుండా ముగించలేను. ఏళ్ల తరబడి ఎస్‌ఎస్‌డీ ధర మొత్తమ్మీద దిగుతూ వచ్చింది. 2025 చివరికి గాలి మళ్లింది. కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్లు మెమరీని మింగేయడంతో ధరలు ఎగబాకాయి. ఆ డిసెంబరులోనే మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండు వినియోగదారుల వ్యాపారాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది, సరఫరా 2026 ఫిబ్రవరి దాకానే అంది. ల్యాప్‌టాప్ అప్‌గ్రేడ్ అంటే దుకాణంలో ముందుగా చేతికిచ్చే పేర్లలో అదొకటిగా ఉండేది.

ఇలాంటి రోజుల్లో టెరాబైటు కోసం పాకులాడక్కర్లేదు. విండోస్‌కూ, రోజూ వాడే ప్రోగ్రాములకూ 256 గిగాబైట్లు సరిపోతాయి, కాస్త చోటు ఖాళీగా వదిలితే కంట్రోలర్‌కు తరలింపు పని సులువవుతుంది. డీవీడీ డ్రైవ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ అయితే దాన్ని తీసేసి, ఆ చోట కొద్ది ఖరీదుకే దొరికే క్యాడీలో పాత హార్డ్ డిస్కును పెట్టించండి. డీవీడీ లేకపోతే యూఎస్‌బీ కేసింగులో. సినిమాలు, ఫొటోలు, పాటలు అక్కడే ఉంచుకోవచ్చు. సినిమాను మొదటినుంచి చివరికి వరసగా చదవాలి, చేయి అటూ ఇటూ పరుగెత్తే పని లేదు. సెకనుకు వంద మెగాబైట్లు ఇవ్వగల డిస్కు అది, సినిమా ఆగకుండా సాగడానికి అందులో పదో వంతు కూడా అక్కర్లేదు.